దత్తమండలాల భూమి సర్వే (1802–1807)

దత్తమండలాల భూమి సర్వే అనేది 1802 నుండి 1807 వరకు నేటి రాయలసీమ ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం పొలం వారీగా జరిపించిన భూమి కొలత, శిస్తు నిర్ణయ కార్యక్రమం. దత్తమండలాల ప్రధాన కలెక్టరు థామస్ మన్రో దీనికి నాయకత్వం వహించాడు. నేటి కడప జిల్లాతో పాటు కర్నూలు జిల్లాలోని ఆదోని, పత్తికొండ ప్రాంతాలు, నంద్యాల జిల్లాలోని కోయిలకుంట్ల ప్రాంతం దీని పరిధిలో ఉండేవి. కర్నూలు పట్టణం, దాని చుట్టుపక్కల గ్రామాలు అప్పట్లో నవాబు పాలనలో ఉన్నందున వాటికి ఈ సర్వే వర్తించలేదు.

నలుగురు గుమాస్తాలతో మొదలైన ఈ పని ఏడాదిన్నర కాలంలో సుమారు వందమంది కొలతగాళ్ళ వ్యవస్థగా పెరిగింది. రైతుతో ప్రభుత్వం నేరుగా ఒప్పందం చేసుకొనే రైత్వారీ విధానానికి ఇది ఈ ప్రాంతంలో పునాది వేసింది.

ఒక కార్యాలయంలో పై అధికారి తీరు సిబ్బంది పనితనాన్ని, కొత్త పద్ధతులను, తప్పుల నుండి నేర్చుకొనే శక్తిని ఏ విధంగా ప్రభావితం చేస్తుందో తెలుసుకోవడానికి ఈ సర్వే మంచి ఉదాహరణ. కొలతలో దొర్లే తప్పులను పట్టుకొనే ఏర్పాటు ఇందులో మొదటినుండీ ఉన్నది. శిస్తు రేటులో జరిగిన తప్పును సరిదిద్దే ఏర్పాటు మాత్రం లేకపోయింది. రేటు ఎక్కువైనదని మన్రో 1807లోనే ప్రభుత్వానికి వ్రాసినా, అది తగ్గడానికి 1820 వరకు పట్టింది. ఆ పదమూడేళ్ళ భారాన్ని మోసినవారు రైతులే.

నేపథ్యం

1800 అక్టోబరు 12న కుదిరిన ఒప్పందం ప్రకారం హైదరాబాదు నిజాం తన వద్ద ఉంచుకొన్న కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా కడప, బళ్ళారి తదితర ప్రాంతాలను కంపెనీకి అప్పగించాడు. ఈ ప్రాంతాలకే దత్తమండలాలు అని పేరు. వీటి జనాభా అప్పట్లో ఇంచుమించు 20 లక్షలు. రాయలసీమ అన్న పేరు 1928లో వాడుకలోకి వచ్చేవరకు ఈ ప్రాంతాన్ని దత్తమండలాలు అనే వ్యవహరించేవారు.

కంపెనీ చేతికి వచ్చేనాటికి ఇక్కడ దాదాపు 80 మంది పాలెగాళ్ళు ఉండేవారు. వరుస యుద్ధాలతోను, చేతులు మారిన పాలనలతోను గ్రామాల లెక్కలు చిందరవందరగా ఉన్నాయి. ఏ పొలం ఎంత ఉన్నదో, దానిపై ఎంత శిస్తు రావాలో గ్రామ కరణానికి తప్ప మరెవరికీ తెలియని పరిస్థితి. పైగా ఇది వర్షాధారమైన ప్రాంతం. వాన కురిసిన ఏడు కట్టగలిగిన శిస్తును కురవని ఏడు కట్టడం సాధ్యం కాదు. అందువలన లెక్కలో దొర్లే ఒక్కొక్క తప్పూ ఇక్కడి రైతు పశువుల మీద, విత్తనాల మీద పడేది.

మన్రో 1800 చివరలో ప్రధాన కలెక్టరుగా బాధ్యతలు చేపట్టాడు. ఆయన కింద నలుగురు సహాయ కలెక్టర్లు పనిచేశారు. తొలి సంవత్సరాలలో ఆయన ఎక్కువ కాలం గుడారాలలోనే నివసిస్తూ ఊరూరా తిరిగాడు. మొదటి సంవత్సరం గ్రామం మొత్తానికి శిస్తు నిర్ణయించారు. మరుసటి సంవత్సరం నుండి ఒక్కొక్క రైతుతో విడివిడిగా ఒప్పందం చేసుకోవడం మొదలయింది. ఇందుకు నమ్మదగిన కొలతలు అవసరమయ్యాయి.

బారామహల్ అనుభవం

మన్రో 1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో జన్మించాడు. 1780లో సైనికుడిగా మద్రాసు వచ్చాడు. రెవెన్యూ పనిలో ఆయనకు తొలి శిక్షణ బారామహల్‌లో (నేటి తమిళనాడులోని కృష్ణగిరి, ధర్మపురి, సేలం ప్రాంతం) లభించింది. 1792 నుండి 1799 వరకు అక్కడ కలెక్టరుగా ఉన్న కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద ఆయన సహాయకుడిగా పనిచేశాడు.

రీడ్ తన సహాయకులను ఆజ్ఞలు పాటించేవారిగా మాత్రమే చూడలేదు. శిస్తు ఎంత ఉండాలి, కౌలు ఎన్నేళ్ళు ఉండాలి అన్న ప్రశ్నలపై వారి అభిప్రాయాలను వ్రాతపూర్వకంగా కోరేవాడు. సహాయకులు ఆయనతో విభేదిస్తూ సుదీర్ఘమైన లేఖలు వ్రాసిన సందర్భాలు ఉన్నాయి. పొలాన్ని ఉంచుకోవాలో వదులుకోవాలో రైతు ఏటేటా నిర్ణయించుకోవచ్చునన్న పద్ధతి ఈ చర్చల మధ్యనే రూపుదిద్దుకొన్నది. ముందుగా వేసుకొన్న ప్రణాళిక అనుభవానికి సరిపడనప్పుడు దానిని మార్చుకోవచ్చునన్న అలవాటు మన్రోకు ఇక్కడ అబ్బింది.

సిబ్బంది, శిక్షణ

సర్వే 1802 జూన్‌లో ప్రారంభమైనది. అప్పటికి దత్తమండలాలలో భూమి కొలత తెలిసినవారు మన్రో కచేరిలోని నలుగురు గుమాస్తాలు మాత్రమే. బయటి ప్రాంతాల నుండి పెద్ద సంఖ్యలో కొలతగాళ్ళను తెప్పించే బదులు ఈ నలుగురి చేత స్థానికులకు పని నేర్పించారు. మొదట ఇరవైమందికి శిక్షణ ఇచ్చారు. నేర్చుకొన్నవారు మరికొందరికి నేర్పారు. 1803 చివరికి కొలతగాళ్ళ సంఖ్య దాదాపు వందకు చేరినది.

మొదట్లో ఆరుగురిని ఒక జట్టుగా ఏర్పరచారు. తరువాత జట్టుకు పదిమంది చొప్పున మార్చారు. ప్రతి జట్టుకు ఒక తనిఖీదారు ఉండేవాడు. పని త్వరగా పూర్తి కావడానికి సిబ్బందిని రెట్టింపు చేయాలన్న ఆలోచన కూడా ఒక దశలో వచ్చింది. అయితే అంతమందిపై పర్యవేక్షణ కష్టమవుతుందని దానిని విరమించుకొన్నారు.

కొలత పద్ధతి, తప్పులకు పరిమితి

అందరూ 33 అడుగుల పొడవు గల ఒకే ప్రమాణపు గొలుసును వాడారు. గొలుసు పొడవు ఎంతో అంత భుజంగా గల చదరం ఒక గుంట. అటువంటి 40 గుంటలు ఒక ఎకరం. తెలుగునాట గుంట, ఎకరం లెక్కలు నేటికీ ఇదే నిష్పత్తిలో ఉన్నాయి.

సిబ్బంది జీతభత్యాల ఏర్పాటులో ఒక ముఖ్యమైన తేడా ఉన్నది.

* కొలతగాళ్ళకు కొలిచిన ఎకరాలను బట్టి కూలి చెల్లించేవారు. శ్రద్ధగా పనిచేసినవాడు నెలకు సుమారు 6 వరాహాలు సంపాదించగలిగేటట్లు రేటు నిర్ణయించారు.
* తనిఖీదారులకు నెలజీతం ఉండేది. వారి పని కొత్తగా కొలవడం కాదు, కొలిచినదానిని సరిచూడడం. ఎకరాల లెక్కన కూలి ఇస్తే వారు కూడా తొందరపడతారన్నది ఇందులోని ఆలోచన.

తిరిగి కొలిచినప్పుడు వచ్చే వ్యత్యాసానికి ముందుగానే హద్దు పెట్టారు. మెట్ట భూమిలో నూటికి 10 వంతులు, మాగాణిలో నూటికి 5 వంతుల వరకు తేడాను మన్నించేవారు. విలువ ఎక్కువైన మాగాణిలో హద్దును సగానికి తగ్గించడం గమనించదగినది. ఆ హద్దు దాటితే తొందరపాటు వలన జరిగినా, నిర్లక్ష్యం వలన జరిగినా, లంచం వలన జరిగినా కొలతగాడిని పనినుండి తొలగించేవారు. మొదటి రెండేళ్ళలో ఇటువంటి తొలగింపులు చాలా జరిగాయి. ఆదాయం బాగుండబట్టే ఈ ఉద్యోగానికి జనం ముందుకు వచ్చారని మన్రో తన నివేదికలో తెలిపాడు.

ఈ ఏర్పాటులో మూడు అంశాలు కలిసి ఉన్నాయి. తప్పు జరగడం సహజమని ఒప్పుకోవడం మొదటిది. ఎంత తప్పు సహించదగినదో అందరికీ ముందే తెలియజేయడం రెండవది. తప్పును వెదకే పనిని, ఆ పని వలన లాభపడని వ్యక్తికి అప్పగించడం మూడవది.

తరం నిర్ణయం

కొలత పూర్తయిన గ్రామానికి తరం కట్టేవారు వెళ్ళేవారు. నేల స్వభావాన్ని, నీటి వసతిని, పంట దిగుబడిని బట్టి పొలాన్ని ఒక తరగతిలో చేర్చడమే తరం కట్టడం. ఒకే ఊరిలో నల్లరేగడి, ఎర్రనేల, గరుసు నేల, బావి కింది తోట పక్కపక్కనే ఉండే ఈ ప్రాంతంలో ఇది కొలతకంటే కష్టమైన పని. గొలుసుతో తేలేది విస్తీర్ణం ఒక్కటే. నేల పంట గుణం తెలుసుకోవాలంటే దానిని సాగుచేసేవారిని అడగవలసిందే. అందువలన తరం కట్టేటప్పుడు గ్రామ రెడ్డి, కరణం, ముఖ్యమైన రైతులు వెంట ఉండేవారు. వివాదం వచ్చిన చోట పొరుగు గ్రామాల రెడ్లను, కరణాలను కూడా పిలిపించేవారు.

ఈ విధంగా ఒక్కొక్క పొలానికి వేసిన అంచనాలన్నింటినీ కూడితే వచ్చే మొత్తం, నిజంగా వసూలు కాగలిగినదానికంటే ఎక్కువగా తేలేది. ప్రతి పొలానికి సగటు పంటను లెక్కగట్టి కూడినప్పుడు, బీడుపడిన పొలాలు, చనిపోయిన ఎడ్లు, ఆలస్యమైన వానలు ఆ మొత్తంలో కనిపించవు. ఈ సంగతి గమనించిన మన్రో, ఆయన సహాయకులు అంచనాలను సాధారణంగా నూటికి 5 నుండి 15 వంతుల వరకు తగ్గించి శిస్తును స్థిరపరచేవారు. ఆ తరువాత రైతులను కచేరికి పిలిచి వారి అభ్యంతరాలు విని పట్టాలు ఇచ్చేవారు.

శిస్తు భారం, 1807 నివేదిక

సర్వే జరిగిన ఏళ్ళలోనే అనావృష్టి ఏర్పడింది. 1803–04 సంవత్సరాలలో కరువు వచ్చింది. అయినప్పటికీ దత్తమండలాల రాబడి 1800–01లో సుమారు 4 లక్షల పౌండ్ల నుండి 1806–07 నాటికి సుమారు 6 లక్షల పౌండ్లకు పెరిగింది. కంపెనీ దృష్టిలో ఇది ఘన విజయం.

అయితే మన్రో ఈ అంకెలతో తృప్తి పడలేదు. సర్వే ప్రకారం శిస్తు మొత్తం పంటలో నూటికి 45 వంతుల వరకు ఉన్నది. ఈ రేటు ఉన్నంతకాలం భూమికి అమ్మకపు విలువ రాదని, రైతు దానిని బాగుచేసుకోలేడని ఆయన అభిప్రాయపడ్డాడు. 1807 ఆగస్టు 15న రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికలో ఆయన చేసిన ముఖ్య సూచనలు ఇవి.

* శిస్తు పంటలో మూడవ వంతుకు మించకుండా ఉండేందుకు అన్ని భూములపై సర్వే రేటును నూటికి 25 వంతులు తగ్గించాలి.
* బావులు, చెరువుల కింద సాగయ్యే తోట భూములపై మరో 8 వంతులు కలిపి మొత్తం 33 వంతులు తగ్గించాలి.
* రైతు ప్రతి సంవత్సరం తన శక్తిని బట్టి పొలాన్ని పెంచుకొనే, వదులుకొనే స్వేచ్ఛ ఉండాలి.
* శిస్తు చెల్లించినంతకాలం పొలం రైతు సొంత ఆస్తిగా ఉండాలి. అమ్ముకొనే హక్కు ఉండాలి.

రాబడిని పెంచి పేరు తెచ్చుకొన్న అధికారి, తాను స్థిరపరచిన రేటునే నాలుగవ వంతు తగ్గించాలని కోరడం అప్పటి పాలనలో సాధారణమైన విషయం కాదు. ఈ నివేదిక పంపిన కొద్ది నెలలకే ఆయన సెలవుపై ఇంగ్లాండు వెళ్ళిపోయాడు.

గ్రామ గుత్తల వైఫల్యం

మన్రో వెళ్ళిన తరువాత 1808లో దత్తమండలాలను బళ్ళారి, కడప అనే రెండు జిల్లాలుగా విభజించారు. రైత్వారీకి అనుకూలంగా ఉన్న గవర్నరు విలియం బెంటింక్‌ను 1807లోనే వెనక్కు పిలిపించారు. జాన్ హాడ్జ్‌సన్ వంటి రెవెన్యూ బోర్డు సభ్యులు గ్రామం మొత్తాన్ని ఒకరికి గుత్తకు ఇచ్చే పద్ధతిని సమర్థించారు. దానితో మన్రో సూచించిన తగ్గింపును పక్కనబెట్టి మొదట మూడేళ్ళ గుత్తలు, తరువాత 1811 ప్రాంతంలో పదేళ్ళ గుత్తలు ప్రవేశపెట్టారు.

గుత్త మొత్తాన్ని గత సంవత్సరాల వసూళ్ళ ఆధారంగా నిర్ణయించారు. ఆ వసూళ్ళు ఎక్కువ రేటుతో జరిగినవని మన్రో తెలిపినా ఆ లెక్కలే కొనసాగాయి. చాలాచోట్ల గ్రామ రెడ్లే గుత్తదారులు అయ్యారు. వానలు లేని సంవత్సరాలలో రైతుల నుండి వసూలు కాక, ప్రభుత్వానికి కట్టలేక అనేకమంది గుత్తదారులు దివాలా తీశారు. బకాయిలు పేరుకున్నాయి. తరతరాలుగా గ్రామ పెత్తనం చేసిన కుటుంబాలు కూడా చితికిపోయాయి.

ఈలోగా బ్రిటిష్ పార్లమెంటు సంఘం 1812లో వెలువరించిన ఐదవ నివేదికలో మన్రో పత్రాలు చోటుచేసుకొన్నాయి. రైత్వారీ పద్ధతిని తిరిగి ప్రవేశపెట్టాలని కంపెనీ డైరెక్టర్లు 1812 చివరలో ఆదేశించారు. కానీ ఆ ఆదేశం మద్రాసు చేరేసరికి పదేళ్ళ గుత్తలు ఖరారై ఉన్నాయి. గడువు ముగిసేవరకు వాటిని మార్చే వీలు లేకపోయింది. అంచెలంచెలుగా ఉన్న పాలనలో కిందినుండి వచ్చిన హెచ్చరిక పైకి చేరి, తిరిగి ఉత్తరువుగా కిందికి రావడానికి ఎంత కాలం పట్టేదో ఇది తెలుపుతుంది.

1820 తగ్గింపు

మన్రో 1814లో న్యాయపాలన సంస్కరణల సంఘానికి అధ్యక్షుడిగా మద్రాసుకు తిరిగి వచ్చాడు. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరుగా పదవి చేపట్టాడు. గుత్తల గడువు ముగిసిన చోట్ల రైత్వారీని తిరిగి అమలు చేశారు. మెట్ట, మాగాణి భూములపై నూటికి 25 వంతులు, తోటలపై 33 వంతుల తగ్గింపు దత్తమండలాలలో అమలులోకి వచ్చింది. 1807 నివేదికలోని అంకెలే ఇందులోనూ ఉన్నాయి. అంటే ఏమి చేయాలో పదమూడేళ్ళ ముందే తెలిసి ఉన్నది. దానిని అమలుచేసే అధికారం మాత్రం ఆ సూచన చేసిన వ్యక్తి గవర్నరు అయిన తరువాతనే లభించింది.

కంపెనీ ఉద్యోగాలలో భారతీయులకు బాధ్యత గల పదవులు ఇవ్వాలని మన్రో గవర్నరుగా ఉన్నప్పుడు వాదించాడు. నమ్మకం లేని చోట, తగిన జీతం లేని చోట నిజాయితీని ఆశించరాదన్నది ఆయన 1824 డిసెంబరు 31న వ్రాసిన సుదీర్ఘ పాలనాపత్రంలోని ధోరణి. కొలతగాళ్ళకు మంచి ఆదాయం ఉండేటట్లు చూసిన 1802 నాటి ఏర్పాటులోనే ఈ ఆలోచన కనబడుతుంది.

నాయకత్వ కోణం

సంస్థలలో వైఫల్యాల నుండి నేర్చుకోవడంపై ఇరవయ్యవ శతాబ్దం చివరలో విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. వీటిలో హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన ఎమీ ఎడ్మండ్‌సన్ ప్రతిపాదనలు ప్రసిద్ధమైనవి. ఆసుపత్రులలో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న జట్లలో పొరపాట్లు ఎక్కువగా నమోదు కావడం ఆమె గమనించింది. ఆ జట్లవారు ఎక్కువ తప్పులు చేయడం దీనికి కారణం కాదు, జరిగిన తప్పును భయం లేకుండా చెప్పగలగడం కారణమని ఆమె వివరించింది. ప్రశ్నించినా, తప్పు ఒప్పుకొన్నా తనకు హాని జరగదన్న నమ్మకానికి ఆమె 1999లో ప్రచురించిన వ్యాసంలో మానసిక భద్రత అన్న పేరు ఉపయోగించింది.

ఈ దృష్టితో చూస్తే దత్తమండలాల సర్వేలో మూడు రకాల తప్పులు, మూడు రకాల ఫలితాలు కనిపిస్తాయి.

* కొలతలో తప్పు: ఇది లెక్కకు అందే తప్పు. ప్రమాణం, హద్దు, తనిఖీ ఉంటే అదుపులో ఉంటుంది. ఇక్కడ ఉద్యోగ భయం పనిచేసింది. అయితే దాని ఖరీదును మొదటి రెండేళ్ళలో పని పోగొట్టుకొన్న కొలతగాళ్ళు చెల్లించారు.
* తరంలో తప్పు: ఇది నిర్ణయానికి సంబంధించినది. దీనిని గొలుసుతో పట్టుకోలేరు. రెడ్డి, కరణం, రైతు నోరు విప్పితేనే బయటపడుతుంది. వారి మాట వినే ఏర్పాటు ఉన్నందున కొంతమేరకు సరిదిద్దుకోగలిగారు.
* రేటులో తప్పు: ఇది పై స్థాయి విధానానికి సంబంధించినది. దీనిని అధికారి స్వయంగా ఒప్పుకొన్నా ప్రభుత్వం వినలేదు. రాబడి పెరుగుతున్నంతకాలం పై వారికి అది తప్పుగా కనబడలేదు.

కిందివారి తప్పుకు హద్దు నిర్ణయించినంత సులభంగా పైవారి తప్పుకు హద్దు నిర్ణయించడం జరగదని ఈ పోలిక వలన తెలుస్తుంది. నాయకుడు తన జట్టులో నేర్చుకొనే అలవాటును పెంపొందించగలడు. అతని పైనున్న వ్యవస్థకు ఆ అలవాటు లేకపోతే అతడు స్థలం మారగానే ఆ పాఠం కూడా మరుగున పడుతుంది.

పోలికలు

కర్నూలు–కడప కాలువ: ఇదే ప్రాంతంలో అరవై ఏళ్ళ తరువాత జరిగిన మరొక వైఫల్యం కె.సి. కాలువకు సంబంధించినది. తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, సాగునీటికీ పడవల రాకపోకలకూ ఉపయోగపడే కాలువను కడప వరకు 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వింది. లండనులో నమోదైన ఈ ప్రైవేటు సంస్థ 10 లక్షల పౌండ్ల పెట్టుబడిపై 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఖర్చు అంచనాలను మించిపోయింది. నల్లరేగడి నేలలలో జొన్న, పత్తి వంటి మెట్ట పంటలకు అలవాటుపడిన రైతులు మామూలు సంవత్సరాలలో డబ్బు చెల్లించి నీరు తీసుకోవడానికి ముందుకు రాలేదు. 1876–78 నాటి పెద్ద కరువులో మాత్రం కాలువ నీటికి గిరాకీ ఏర్పడింది. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనుగోలు చేసింది. పెట్టుబడిదారులకు వడ్డీ ఎలాగూ వస్తుండడం వలన రైతు అవసరాన్ని ముందుగా తెలుసుకోవలసిన ఒత్తిడి కంపెనీ యాజమాన్యంపై తక్కువగా ఉండేది. ప్రభుత్వ యాజమాన్యంలో కాలువ సాగునీటి వనరుగా నిలదొక్కుకొన్నది. నేటికీ కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల పొలాలకు నీరందిస్తున్నది.

ఎస్.ఎల్.వి.–3: ఆంధ్ర ప్రదేశ్‌లో వైఫల్యాన్ని నాయకుడు తనమీద వేసుకొన్న సందర్భంగా దీనిని తరచు పేర్కొంటారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎస్.ఎల్.వి.–3 రాకెట్టు రెండవ దశ నియంత్రణ వ్యవస్థలోని లోపం వలన బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ విలేఖరుల ముందు బాధ్యతను తానే స్వీకరించాడు. లోపాన్ని కనుగొని సరిదిద్దిన తరువాత 1980 జూలై 18న ప్రయోగం విజయవంతమయింది. ఆ రోజు విలేఖరులతో మాట్లాడవలసిందిగా ధావన్ కలాంను ముందుకు పంపాడు. ఈ సంఘటనను కలాం తరువాతి కాలంలో తన ప్రసంగాలలో పలుమార్లు వివరించాడు. ఇక్కడ పైస్థాయి నాయకత్వమే లోపం వెదికే జట్టుకు రక్షణగా నిలిచింది. 1807లో మన్రోకు తన పైవారి నుండి లభించనిది ఇదే.

విమర్శ

మన్రో సర్వేను మెచ్చుకొన్నవారితో పాటు విమర్శించినవారూ ఉన్నారు. చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1989లో ప్రచురించిన మన్రో జీవిత అధ్యయనంలో, పాలెగాళ్ళ వంటి మధ్యవర్తుల అధికారాన్ని తొలగించి వలస ప్రభుత్వ బలాన్ని ప్రతి గ్రామానికి విస్తరింపజేయడం ఈ విధానంలోని ముఖ్య లక్ష్యాలలో ఒకటని చూపాడు. నీలమణి ముఖర్జీ 1962లో ప్రచురించిన గ్రంథంలో మద్రాసు రైత్వారీ విధానపు ఆచరణను వివరంగా పరిశీలించాడు.

శిస్తు తగ్గింపు తరువాత కూడా పంటలో మూడవ వంతు అనేది వర్షాధారపు రైతుకు పెద్ద భారమే. కరువు సంవత్సరాలలో అప్పుల కోసం వడ్డీ వ్యాపారిని ఆశ్రయించడం తప్పలేదు. మన్రో తన పొరపాటును గుర్తించినప్పటికీ, కంపెనీ రాబడి అవసరం అన్న చట్రానికి లోబడే ఆలోచించాడన్నది ఈ విమర్శల సారాంశం. సర్వేలో పనిచేసిన స్థానిక కొలతగాళ్ళ పేర్లు ఈ చరిత్రలలో దాదాపు కనిపించవు. వారి పనితీరు మన్రో నివేదికల ద్వారానే తెలుస్తున్నది.

తరువాతి పరిణామాలు

మద్రాసు రాష్ట్రంలో 1850ల చివరలో ప్రత్యేక సర్వే శాఖ ఏర్పడిన తరువాత కర్నూలు, కడప జిల్లాలలో శాస్త్రీయమైన పరికరాలతో మళ్ళీ సర్వే జరిపారు. 1858లో ఏర్పడిన కర్నూలు జిల్లాలో కోయిలకుంట్ల, పత్తికొండ వంటి పాత దత్తమండలాల తాలూకాలు చేరాయి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో బళ్ళారి జిల్లా నుండి వచ్చి కలిశాయి. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2020 డిసెంబరులో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాల సాయంతో రాష్ట్రవ్యాప్త భూముల రీసర్వే ప్రారంభించింది. గొలుసు స్థానంలో కొత్త పరికరాలు వచ్చినా, కొలతలో తప్పు జరిగితే రైతు ఎవరికి చెప్పుకోవాలి, ఎంతకాలంలో సరిదిద్దుతారు అన్న ప్రశ్నలు మాత్రం 1802 నాటివే.

జనశ్రుతి

మన్రో 1827 జూలై 6న పర్యటనలో ఉండగా కలరా సోకి పత్తికొండలో మరణించాడు. ఆయన స్మారకంగా అక్కడ చెట్ల తోపు, మెట్ల బావి ఏర్పాటు చేశారు. భౌతికకాయాన్ని మొదట గుత్తిలో ఖననం చేసి, తరువాత మద్రాసులోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. రాయలసీమలో ఆయన గురించి అనేక కథలు ప్రచారంలో ఉన్నాయి. మంత్రాలయం మఠం భూముల విషయంలో విచారణకు వచ్చిన మన్రోతో రాఘవేంద్రస్వామి బృందావనం నుండి మాట్లాడాడని స్థలకథ. కడప జిల్లా గండి క్షేత్రంలో పాపఘ్ని నది లోయపై బంగారు తోరణం ఆయనకు కనిపించిందని, దానిని చూసినవారు ఎక్కువకాలం జీవించరని మరొక కథ. ఈ ప్రాంతంలో కొందరు తమ పిల్లలకు ఆయన పేరు పెట్టుకొన్నారు.

కాలక్రమం

* 1792–1799: బారామహల్‌లో రీడ్ కింద మన్రో శిక్షణ
* 1800: దత్తమండలాలు కంపెనీ పాలనలోకి, ప్రధాన కలెక్టరుగా మన్రో
* 1802: సర్వే ప్రారంభం
* 1803: కొలతగాళ్ళ సంఖ్య సుమారు వంద
* 1807: శిస్తు తగ్గించాలని మన్రో నివేదిక
* 1808: బళ్ళారి, కడప జిల్లాల ఏర్పాటు, మూడేళ్ళ గ్రామ గుత్తలు
* 1811 ప్రాంతం: పదేళ్ళ గుత్తలు
* 1812: పార్లమెంటు ఐదవ నివేదిక
* 1820: గవర్నరుగా మన్రో, శిస్తు తగ్గింపుతో రైత్వారీ పునరుద్ధరణ
* 1827: పత్తికొండలో మన్రో మరణం

ఇవి కూడా చూడండి

* థామస్ మన్రో
* రైత్వారీ విధానం
* రాయలసీమ
* పాలెగాళ్ళు
* కర్నూలు–కడప కాలువ
* పత్తికొండ